ఇన్కాల కొండ ఊళ్లు: ఎవరికి ఏది, ఎన్ని రోజులకు ఏది

పెరూ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలూ స్నేహితులూ అడిగేది ఒక్కటే: "వారం సెలవు పెడితే మాచు పిచ్చు చూసి రావచ్చా?" రావచ్చు. కానీ ఆ మాట చెప్పేముందు నేను తిరిగి మూడు అడుగుతాను. మీతో ఎవరొస్తున్నారు? వాళ్ల మోకాళ్లూ ఊపిరీ ఎలా ఉన్నాయి? మాచు పిచ్చు కాక ఇంకో రెండు రోజులైనా చేతిలో ఉన్నాయా? ఈ మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మాచు పిచ్చు అనే ఆ కొండ ఊరు ఒక్కటే చూసి విమానమెక్కేస్తే, దాన్ని కట్టిన ఇన్కాల (స్పానిష్ వాళ్లు రాకముందు ఆ కొండల్ని ఏలినవాళ్లు) పనితనంలో సగమే చూసినట్టని నా గట్టి నమ్మకం. మిగతా సగం కోసం ఒయాంటాయ్‌టాంబోకో, చోకెకిరావ్‌కో, కనీసం కుస్కో ఊరి పైనున్న సక్సాయ్‌వమాన్‌కో వెళ్ళాలి. వాటిలో ఏది అన్నది తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఇద్దరు స్నేహితులతో కలిసి, నాలుగు రోజులు నడిచి చోకెకిరావ్ చూశాను. రెండోసారి అమ్మానాన్నలను తీసుకెళ్ళాను. నాన్నకి 69, నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాడు. అమ్మకి 64, ఎడమ మోకాలు అరిగిపోయింది. మొదటి ప్రయాణంలో నేర్చుకున్నవి రెండోదానికి పెద్దగా పనికి రాలేదు. అన్నీ మళ్ళీ మొదటినుంచి ఆలోచించుకోవాల్సి వచ్చింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇవి వేల ఏళ్లనాటివి అనుకుని వస్తారు చాలామంది. కాదు. ఇక్కడ విజయనగరాన్ని ప్రౌఢదేవరాయలు ఏలుతున్న రోజులకు కాస్త అటూ ఇటూగా అక్కడ పచాకుటి అనే రాజు కుస్కో రాజ్యాన్ని సామ్రాజ్యం చేశాడు. మాచు పిచ్చు ఆయన కట్టించుకున్నదే. కృష్ణదేవరాయలు పోయిన మూడేళ్లకి, 1532లో, పిజారో అనే స్పానిష్ సేనాని ఇన్కా రాజు అటవాల్పాను చెరబట్టాడు. అంటే ఇంత రాతి పనీ జరిగింది దాదాపు నూరేళ్ల వ్యవధిలో. ఇనుము లేదు, బండి చక్రం లేదు, గుర్రం లేదు, ఎద్దు లేదు. ఆ రాళ్ల ముందు నిలబడ్డప్పుడు ఇది గుర్తుంటే చూపే మారిపోతుంది.

అన్నిటికన్నా ముందు ఎత్తు

కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మాచు పిచ్చు 2,430 మీటర్లే. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహించుకుంటారు: కింద ఊళ్లో విశ్రాంతి తీసుకుని తర్వాత కొండెక్కుదాం అని. నిజానికి ఊపిరి పట్టేసేది కుస్కోలోనే. సముద్రమట్టం దగ్గర ఒక్క ఊపిరికి ఎంత ఆక్సిజన్ అందుతుందో అక్కడ అందులో మూడింట రెండొంతులే అందుతుంది. లీమా సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ విమానమెక్కితే గంటంపావులో కుస్కోలో దింపేస్తుంది. ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు.

మొదటిసారి నేను ఆ రాత్రి కుస్కోలోనే పడుకున్నాను. తెల్లవార్లూ తలనొప్పి, అన్నం సయించలేదు, రెండో రోజంతా గదిలోనే గడిచింది. అందుకే అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు విమానాశ్రయం బయటే కారెక్కించి నేరుగా ఉరుబాంబా లోయలోకి తీసుకుపోయాను. రెండు గంటల దారి. మధ్యలో చించేరో దగ్గర కాసేపు కుస్కో కన్నా పైకే ఎక్కుతారు, కంగారు పడొద్దు, వెంటనే లోయలోకి దిగుతారు. ఒయాంటాయ్‌టాంబో 2,800 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ రెండు రాత్రులు పడుకుని, ఆ తర్వాత మాచు పిచ్చుకి వెళ్ళి, కుస్కోని చివరికి పెట్టుకున్నాం. ఇద్దరికీ తలనొప్పి కూడా రాలేదు. కుస్కోలో సాన్ బ్లాస్ వీధి మెట్లెక్కేటప్పుడు మాత్రం అమ్మ పది మెట్లకోసారి ఆగింది. ఆగనివ్వాలి. ఆ ఎత్తులో పంతం పనికిరాదు.

ఎత్తు పడక ఒంట్లో బాగోకపోవడాన్ని ఆపే ఎసిటాజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరేముందే మీ డాక్టరుని అడగండి. గుండె, బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్లూ, సల్ఫా మందులు పడనివాళ్లూ సొంతంగా వేసుకోకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నడక తూలుతుంటే, మాట తడబడుతుంటే, ఇంకేమీ ఆలోచించకుండా కిందికి దిగిపోవాలి. హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారు, తాగొచ్చు, హాయిగానే ఉంటుంది. ఆ ఆకులు మాత్రం సామానులో పెట్టుకుని అమెరికాకో ఇండియాకో తేకండి, రెండుచోట్లా నేరం.

మాచు పిచ్చు: టికెట్లోనే ఉంది కిటుకు

ఇక్కడ చేసే తప్పు దాదాపు అందరిదీ ఒకటే: టికెట్ దొరికింది కదా అని ఏదో ఒకటి కొనేయడం. 2024 జూన్ నుంచి లోపల మూడు సర్క్యూట్లు, వాటిలో మొత్తం పది దారులు చేశారు. కొన్న దారి తప్ప ఇంకో దారిలో నడవనివ్వరు. దాటి వచ్చినచోటికి వెనక్కి పోనివ్వరు. బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు.

మొదటి సర్క్యూట్ పైగట్టు మీదిది. ఫొటోల్లో అందరూ చూసే ఆ దృశ్యం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ ఊళ్లోకి దిగరు. మూడో సర్క్యూట్ కింది ఊళ్లోనే తిరుగుతుంది, పైనుంచి కనిపించే ఆ పెద్ద దృశ్యం ఉండదు. వైనా పిచ్చు శిఖరం ఎక్కాలనుకునేవాళ్లు ఈ మూడోదాంట్లోనే వెళ్ళాలి. రెండో సర్క్యూట్లో ఆ దృశ్యమూ ఉంటుంది, ఊరూ ఉంటుంది. జీవితంలో ఒక్కసారే వెళ్తాం అనుకుంటే రెండోదే కొనండి. నా దృష్టిలో ఇందులో రెండో ఆలోచన లేదు. అది దొరకని తేదీ అయితే తేదీ మార్చుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అమ్మానాన్నల టికెట్లు నేను ఒక ఏజెన్సీ చేత కొనిపించాను. రెండో సర్క్యూట్ అడిగితే మొదటిది కొని, చెప్పలేదు. గేటు దగ్గర కాగితం చూసేదాకా మాకు తెలియదు. పైగట్టు మీద నిలబడి నాన్న కింద కనిపిస్తున్న నీటి తొట్లను చూపిస్తూ, "అక్కడికి ఎటునుంచి దిగాలి?" అని అడిగాడు. దిగలేమని చెప్పాల్సి వచ్చింది. ఆ ఊళ్లో కొండ ఊటనుంచి వచ్చే నీళ్లు ఒకదాని కిందొకటిగా 16 తొట్లలోకి దూకుతూ పోతాయి. మొత్తం ఊరి కట్టడం పనిలో సగానికి పైగా నేల కింద ఉందని, పునాదులూ నీరు ఇంకే రాతి పొరలూ అన్నీ కంటికి కనిపించకుండా ఉన్నాయని, దాని మీద పనిచేసిన ఇంజనీర్లు లెక్కగట్టారు. అదే చూడ్డానికి వచ్చిన మనిషి దాన్ని నూరు మీటర్ల దూరంనుంచి చూసి వెనక్కి తిరిగాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇలా జరగకూడదు. ఎవరు కొనిపెట్టినా టికెట్ మీద సర్క్యూట్ నంబరు, దారి అక్షరం, పాస్‌పోర్టు నంబరు మీ కళ్లతో మీరు చదువుకోండి.

టికెట్లు పెరూ సాంస్కృతిక శాఖ వెబ్‌సైట్‌లో అమ్ముతారు. విదేశీ పెద్దవాళ్లకి పెరూ డబ్బుల్లో 152 సోల్‌లు, వైనా పిచ్చుతో కలిపి 200. రోజుకి 4,500 మందిని, రద్దీ తేదీల్లో 5,600 మందిని రానిస్తారు. వాటిలో వెయ్యి టికెట్లు కొండ కింది ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్‌లో చేతికిస్తారు. కానీ వాటికి వరసలో నిలబడాలి, మీకు కావలసిన దారే దొరుకుతుందన్న నమ్మకం లేదు. కుర్రాళ్లు, ఒకరోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకునేవాళ్లు ప్రయత్నించొచ్చు.

వైనా పిచ్చు ఎక్కాలా? మెట్లు నిలువుగా ఉంటాయి, కొన్నిచోట్ల చేతులు కూడా ఆనించి ఎక్కాలి, దిగడం ఇంకా కష్టం. కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు వద్దు. ఎక్కగలిగినవాళ్లకైనా, ఒకే టికెట్ కొనగలిగితే, నేను రెండో సర్క్యూటే చెప్తాను.

లోపల టాయిలెట్ లేదు, గేటు బయటే ఉంది. తిండి తినకూడదు. పెద్ద బ్యాగు తేనివ్వరు. అమ్మ చేతికర్రకి కింద రబ్బరు బిరడా ఉంది కాబట్టి రానిచ్చారు. ఇనప మొన ఉన్న కర్రలైతే ఆపేస్తారు.

రైలా, నడకా

రైలు ఒయాంటాయ్‌టాంబోలో ఎక్కితే రెండు గంటల లోపే ఆగ్వాస్ కాలియెంతెస్. రెండు కంపెనీలు నడుపుతాయి: పెరూరైల్, ఇన్కా రైల్. రానూపోనూ మనిషికి నూరు డాలర్లు దాటుతుంది. అక్కణ్ణుంచి బస్సు మలుపులు తిరుగుతూ అరగంటలో గేటు దగ్గరికి చేరుస్తుంది. పెద్దవాళ్లతో వెళ్తే ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు. ఆ ఊళ్లోనే ముందురోజు రాత్రి పడుకుంటే పొద్దున్నే తాపీగా పైకి వెళ్ళొచ్చు. కుస్కోనుంచి ఒక్కరోజులో వెళ్ళొచ్చే ప్యాకేజీలు అమ్ముతారు గానీ, తెల్లవారుజామున మూడింటికి లేచి రాత్రి పదకొండుకి మంచమెక్కే ఆ రోజు అరవై దాటినవాళ్లకి శిక్షే.

డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. కుస్కోనుంచి వ్యానులో ఆరేడు గంటలు ఘాట్ రోడ్డు మీద హిద్రోఎలెక్త్రికా అనే చోటుదాకా వెళ్ళి, అక్కడ దిగి రైలు పట్టాల పక్కన పది పదకొండు కిలోమీటర్లు నడవాలి. నడక చదునే, చెట్ల నీడన అందంగా ఉంటుంది. రోడ్డే భయం. వానాకాలంలో కొండచరియలు పడతాయి. జనవరి, ఫిబ్రవరుల్లో ఆ దారి ఎవరికీ చెప్పను.

నడిచి వెళ్ళాలనుకుంటే అందరూ చెప్పేది ఇన్కా ట్రెయిల్. రైలు దారి 82వ కిలోమీటరు దగ్గర మొదలై నాలుగు రోజుల్లో 43 కిలోమీటర్లు. లైసెన్సున్న సంస్థతో తప్ప వెళ్ళనివ్వరు. రోజుకి 500 మందికే అనుమతి, అందులో సామాను మోసే పోర్టర్లు, గైడ్లు కూడా లెక్కే, కాబట్టి యాత్రికులకి దక్కేది సగం కన్నా తక్కువ. మే నుంచి ఆగస్టు తేదీలైతే నెలల ముందే అయిపోతాయి. ఫిబ్రవరిలో దారి మూసేస్తారు. రెండో రోజు 4,215 మీటర్ల కనుమ దాటాలి. అలిపిరినుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరిన అనుభవం ఉంటే దాన్నే కొలతగా పెట్టుకోండి. ఆ రెండో రోజు ఎక్కేది అంతకన్నా బాగా ఎక్కువ ఎత్తు, పైగా పలచటి గాలిలో. తిరుమల కొండ ఎక్కి మర్నాడు మామూలుగా తిరగగలిగారా? అయితే ఆరు నెలల ముందునుంచి సాధన చేసి దీనికి సిద్ధం కావచ్చు.

సల్కాంటాయ్ ట్రెక్‌ని చాలామంది దీనికి బదులుగా చెప్తారు. ఇన్కా ట్రెయిల్‌లా అనుమతి గొడవ లేదు, ఖర్చూ తక్కువే. కనుమ 4,600 మీటర్లు దాటుతుంది. మంచుకొండ పక్కనే నడుస్తారు, చూసి తీరాల్సిన దృశ్యం. కానీ దారిలో ఇన్కాల కట్టడాలు దాదాపు లేవు. మంచుకొండ కావాలంటే సల్కాంటాయ్, రాతి మెట్లూ పాత ఊళ్లూ కావాలంటే ఇన్కా ట్రెయిల్. రెండూ వేరువేరు కోరికలు. ఒకటి దొరకలేదని రెండోది ఎంచుకుంటే నిరాశపడతారు.

ఎక్కువమందికి తెలియని మూడోది ఒకటుంది, నాకు అదంటే చాలా ఇష్టం. రైల్లో 104వ కిలోమీటరు దగ్గర దిగి ఒక్కరోజే నడిచే చిన్న ట్రెయిల్. డేరాలు అక్కర్లేదు, పెద్ద కనుమ దాటక్కర్లేదు. దారిలో విన్యాయ్ వైనా అనే కొండవాలు ఊరు వస్తుంది, మెట్ల పొలాలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. సాయంత్రానికి సూర్యద్వారం నుంచి మాచు పిచ్చులోకి దిగుతారు. దీనికీ అనుమతి, గైడ్ తప్పనిసరి. ఓ మోస్తరు నడిచే అలవాటున్న జంటకి, పదిహేనేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబానికి నేను మొదట చెప్పేది ఇదే.

ఒయాంటాయ్‌టాంబో: చేత్తో తాకేంత దగ్గర

మాచు పిచ్చుకి రైల్లో వెళ్ళేవాళ్లలో చాలామంది ఈ ఊరి స్టేషన్లోనే ఎక్కుతారు. అందులో సగం మంది కోటవైపు కన్నెత్తి చూడరు, లేదా గంటలో చుట్టేసి పోతారు. ఎంత నష్టమో!

ఇక్కడ పైమెట్టు మీద ఆరు పెద్ద రాళ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. రియోలైట్ అనే గులాబి రంగు రాయి. ఒక్కోటి ఇద్దరు మనుషుల ఎత్తు. అసలు చూడాల్సింది మాత్రం వాటి మధ్య సందులు. రాయికీ రాయికీ నడుమ, పుస్తకాల మధ్య పెట్టిన అట్టముక్కల్లా, సన్నటి నిలువు రాతి పలకలు ఇమిడ్చారు. పెద్ద రాయి అంచు ఎక్కడ వంకర తిరిగితే పలకా అక్కడ అంతే వంకర తిరుగుతుంది. గుడి పూర్తి కాలేదు. పనివాళ్లు వదిలేసి వెళ్ళిన రాళ్లు పక్కనే పడున్నాయి. పూర్తయిన గోడ ఎలా చేశారో ఏమీ చెప్పదు, సగంలో ఆగిన గోడ అన్నీ చెప్తుంది. నాన్న ఆ రాళ్ల దగ్గర ఒక గంట కూర్చున్నాడు.

ఆ రాళ్ల గని నదికి అవతల ఎదురు కొండ మీద, కాచికాటా అనే చోట ఉంది. అక్కడ రాయిని కిందికి దించి, నది దాటించి, మళ్ళీ ఈ కొండ ఎక్కించారు. దారిలో ఆగిపోయిన పెద్ద బండలు ఇప్పటికీ పొలాల్లో పడున్నాయి. అక్కడివాళ్లు వాటిని అలసిపోయిన రాళ్లు అంటారు.

కోట కింద ఊరు ఇంకా విలువైనది. ఇన్కాలు వేసిన వీధులే, అవే గోడల మీద పైన మట్టి ఇటుకలు పేర్చుకుని జనం ఈరోజుకీ కాపురాలు చేస్తున్నారు. వీధి పక్కన రాతి కాలవలో కొండ నీళ్లు గలగలా పారుతూనే ఉంటాయి, రాత్రి గదిలో పడుకున్నా వినిపిస్తాయి. మాచు పిచ్చు ఖాళీ ఊరు, మనుషులు వదిలేసి వెళ్ళారు. ఇక్కడ ఇన్కాల గుమ్మంలోంచి బడి సంచీ తగిలించుకుని పిల్ల బయటికొస్తుంది. ఈ రెండూ చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

చరిత్రలోనూ ఈ చోటుకి ఒక గర్వం ఉంది. 1537లో మాంకో ఇన్కా అనే రాజు ఇక్కడే స్పానిష్ సైన్యాన్ని ఓడించి వెనక్కి పంపాడు. కాలవల నీళ్లు పొలాల్లోకి మళ్ళించి గుర్రాలు దిగబడేలా చేశాడు. నీళ్లతో యుద్ధం గెలిచాడని విన్నప్పుడు నాన్న ముఖం వెలిగిపోయింది.

అమ్మ మోకాలికి కోట మెట్లు కష్టమే అయ్యాయి. సగం దాకా ఎక్కి, దిగి, కింద నీటి తొట్ల దగ్గర కూర్చుంది. స్నానఘట్టం అని పిలిచే తొట్టి ఒకటుంది అక్కడ, దాని రాతి అంచుమీంచి నీళ్లు పలచటి తెరలా పడతాయి. కింద భాగం చూసినా టికెట్ గిట్టుబాటే. ఈ కోట, కుస్కో చుట్టుపక్కల చాలా చోట్లకి కలిపి ఇచ్చే టూరిస్టు టికెట్లో వస్తుంది: 130 సోల్‌లు, పది రోజులు, 16 చోట్లు. మాచు పిచ్చు ఇందులో ఉండదు.

చోకెకిరావ్: మోకాళ్లు అడిగే మూల్యం

ఇక ఇది పూర్తిగా వేరే లోకం. రోడ్డు లేదు, రైలు లేదు. కాచోరా ఊరినుంచి ఒకవైపే 30 కిలోమీటర్ల దాకా నడక. అంకెకన్నా ఆకారం ముఖ్యం. 2,900 మీటర్ల దగ్గర బయల్దేరి అపూరిమాక్ నది దాకా, అంటే 1,500 మీటర్ల దగ్గరికి దిగాలి. వంతెన దాటి మళ్ళీ అంతా ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే దిగడం, అదే ఎక్కడం. నాలుగు రోజులు అనుకోండి, ఐదైతే హాయి.

అపూరిమాక్ అంటే ఇన్కాల భాష అయిన కెచువాలో 'మాట్లాడే దేవర' అని అర్థం. ఆ లోయలో నది హోరు వింటే పేరెందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. అడుగున ఎండ మన రాయలసీమ మే నెలలా కొడుతుంది, నీడ ఉండదు. కంటికి కనిపించనంత చిన్న కీటకాలు కుడతాయి, వారం దాకా దురద పోదు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పొద్దున్నే నాలుగింటికి బయల్దేరి ఎండ ముదిరేలోగా ఎక్కడం ముగించాలి. మేం ఈ మాట వినక పది గంటలకి ఎక్కడం మొదలుపెట్టాం. ఒక స్నేహితుడు సగం దారిలో కూలబడ్డాడు, నీళ్లూ ఉప్పూ పట్టించి రెండు గంటలు కూర్చోబెట్టాం. బరువుకి కంచరగాడిదను మాట్లాడుకోండి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. దారిలో మరాంపాటా అనే చిన్న పల్లెలో కుటుంబాలు వేడి సూప్, అన్నం వండి పెడతాయి.

అంత కష్టపడి ఎందుకు? మేం వెళ్ళిన రోజు ఆ ఊరంతటికీ మేం పదకొండు మందిమి. మధ్యలో పచ్చటి మైదానం, చుట్టూ గోడలు, కింద ఒకటిన్నర కిలోమీటర్ల లోతున నది. కొండ అవతలి వాలు మీద నిటారుగా దిగే మెట్ల పొలాల గోడల్లో, నల్లటి రాతి మధ్య తెల్లటి రాళ్లు పొదిగి లామా జంతువుల బొమ్మలు చేశారు. ఇరవైకి పైగా లామాలు, మంద నడిచిపోతున్నట్టు, పెద్ద దాని పక్కన పిల్ల. ఇలాంటిది మాచు పిచ్చులో లేదు. ఊళ్లో ఎక్కువ భాగం ఇంకా అడవి కిందే ఉంది. మాచు పిచ్చుని 1911లో ప్రపంచానికి చూపిన హైరమ్ బింగమ్ అంతకు రెండేళ్ల ముందు, 1909లో, వచ్చింది ఇక్కడికే.

ఇక్కడికి రోప్‌వే వేయాలన్న ఆలోచన ఏళ్లుగా నడుస్తోంది. అది వచ్చేలోగా, ఒళ్లు సహకరించే వయసులో ఉన్నవాళ్లు వెళ్ళి రావాలని నా కోరిక. ఇన్కా ట్రెయిల్ అనుమతి దొరకలేదని బాధపడే ముప్పై ఏళ్ల వాళ్లకి నేను సల్కాంటాయ్ చెప్పను, ఇదే చెప్తాను. అయితే మోకాలి నొప్పి ఏ కాస్త ఉన్నా వద్దు. లోయ అడుగున నడవలేకపోతే బయటపడే దారి గాడిద వీపు మీదే.

మిగిలినవి

సక్సాయ్‌వమాన్‌ కుస్కో నడిబొడ్డునుంచి టాక్సీలో పది నిమిషాల దూరం. వంకర టింకరగా రంపపు పళ్లలా సాగే మూడు వరసల గోడలు. కొన్ని రాళ్లు వంద టన్నులు దాటుతాయి. సమయం లేనివాళ్లకి, నడవలేనివాళ్లకి రెండో సగం ఇదే. పీసాక్‌లో మెట్ల పొలాలు కొండంతా కప్పేస్తాయి, ఎదురు కొండలో వందలాది సమాధుల బొరియలు కనిపిస్తాయి. టాక్సీలో పైదాకా వెళ్ళి కిందికి నడిచి వస్తే కొండెక్కే శ్రమ తప్పుతుంది. మోరాయ్ గుండ్రటి మెట్ల గుంతలు పైనుంచి చూడ్డానికి బాగుంటాయి, గంట చాలు. దాన్ని ఒక్కదాన్నే చూడ్డానికి రోజు కేటాయించకండి.

కాలం, వీసా, తిండి

మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం, రాత్రి చలి బాగా ఉంటుంది. నవంబరు నుంచి మార్చి వానలు. 2010 జనవరిలో వరదకి రైలు దారి తెగిపోయి వేలమంది యాత్రికులు ఆగ్వాస్ కాలియెంతెస్‌లో చిక్కుకుపోతే హెలికాప్టర్లలో తరలించారు, ఏప్రిల్ దాకా మాచు పిచ్చు మూసేశారు. అమెరికాలో ఉండేవాళ్లకి డిసెంబరు సెలవులు తప్ప కుదరదంటే వెళ్ళండి, కానీ రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. ఏప్రిల్ చివర, మే మొదటి వారాలు నా ఎంపిక: కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, వాన తగ్గుతుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదైనా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్నా, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నా పెరూకి విడిగా వీసా అక్కర్లేదు. టికెట్లు కొనేముందు పెరూ రాయబార కార్యాలయం వాళ్ల తాజా నిబంధన ఒకసారి చూసుకోండి. హెచ్1బీ వాళ్లు ముఖ్యంగా పాస్‌పోర్టులో స్టాంపు గడువు చూసుకోవాలి, తిరిగి రావడానికీ అదే కావాలి.

శాకాహారులు ఆకలితో ఉండరు. కినోవా సూప్, రకరకాల బంగాళాదుంపలు, అవకాడో, అన్నం ఎక్కడైనా ఉంటాయి. సూప్ మాంసం రసంతో చేశారా అని అడగండి, చాలాచోట్ల అదే. ఒయాంటాయ్‌టాంబో సంతలో ఉడికించిన తెల్ల మొక్కజొన్న కండెకి జున్ను ముక్క పెట్టి ఇస్తారు. గింజ ఒక్కోటి బొటనవేలి గోరంత, తియ్యగా ఉండదు, పిండిపిండిగా ఉంటుంది. పక్కన రొకోటో అనే పండు మిరప పచ్చడి. అమ్మ దాన్ని నాలుక్కి రాసుకుని ఇంటికి తీసుకెళ్దామా అంది. బంగాళాదుంప, వేరుశనగ మన వంటింటికి వచ్చింది ఈ ఖండం నుంచే అని చెప్తే చాలాసేపు నమ్మలేదు.

నేనైతే

అమ్మానాన్నలతో, వారం రోజులుంటే: ఒయాంటాయ్‌టాంబోలో రెండు రాత్రులు, రైల్లో వెళ్ళి ఆగ్వాస్ కాలియెంతెస్‌లో ఒక రాత్రి, రెండో సర్క్యూట్, చివర కుస్కోలో రెండు రాత్రులు, సక్సాయ్‌వమాన్. చోకెకిరావ్ ఊసే వద్దు. గట్టి కాళ్లున్న స్నేహితులు, పన్నెండు రోజులుంటే: లోయలో మూడు రోజులు ఒళ్లు అలవాటు చేసుకుని, చోకెకిరావ్ ఐదు రోజులు, ఆ తర్వాత రైల్లో మాచు పిచ్చు. పదేళ్లలోపు పిల్లలుంటే పెద్దవాళ్ల పథకమే, మధ్యలో పీసాక్ కలపండి. నాలుగే రోజులుంటే మాత్రం మానుకుని, సెలవు దొరికినప్పుడు వెళ్ళండి. ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేలోపే తిరుగు విమానం వచ్చేస్తుంది.

కొనే వరస కూడా ముఖ్యమే. ముందు మాచు పిచ్చు టికెట్, లేదా ట్రెయిల్ అనుమతి. ఆ తేదీ ఖాయమయ్యాక రైలు. రైలు దొరికాక విమానం. హోటళ్లు చివర. చాలామంది విమానంతో మొదలుపెట్టి, ఆ తేదీల్లో రెండో సర్క్యూట్ లేక మిగిలింది కొంటారు. టికెట్ కొన్నాక పాస్‌పోర్టు మార్చుకోవాల్సి వస్తే పాతది కూడా వెంట పెట్టుకోండి. రైల్లో చిన్న బ్యాగులే ఎక్కనిస్తారు కాబట్టి పెద్ద సూట్‌కేసులు ఒయాంటాయ్‌టాంబో హోటల్లోనే వదిలేసి, ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, వాన కోటు, పాస్‌పోర్టు పట్టుకుని రైలెక్కండి. ఎడమవైపు కిటికీ సీటు అడగండి, నది ఆ పక్కనే వెంట వస్తుంది.